పాత కలెక్షన్ బాకీ ఇప్పుడు తీర్చేస్తే క్రెడిట్ స్కోరు పెరుగుతుందా, ఉన్నదీ తగ్గుతుందా?

ప్రశ్న: ఇంటివేట

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. 2027 మొదటి నెలల్లో ఇల్లు కొనాలనే ఉద్దేశంతో మూడు క్రెడిట్ బ్యూరోల నుంచీ నా రిపోర్టులు తెప్పించుకుని చూడగా, ఈక్విఫాక్స్‌లోనూ ట్రాన్స్‌యూనియన్‌లోనూ 1,140 డాలర్ల కలెక్షన్ ఖాతా (వసూలు సంస్థకు అప్పగించిన బాకీ) ఒకటి కనిపించింది. ఎక్స్‌పీరియన్‌లో దాని జాడే లేదు. 2020 ఏప్రిల్‌లో టెక్సస్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి వచ్చినప్పుడు, కార్పెట్ మార్చినందుకూ గోడలకు రంగు వేసినందుకూ డిపాజిట్ చాలలేదంటూ అక్కడివాళ్లు వేసిన లెక్క అది. మే నెలలో వేసిన ఆ బిల్లు మా పాత చిరునామాకే వెళ్లి ఉంటుంది, మాకు అందలేదు. ఆ తరువాత బాకీ ఒక కలెక్షన్ సంస్థ చేతికీ, అక్కడినుంచి మరో సంస్థ చేతికీ మారినట్లు రిపోర్టును బట్టి తెలుస్తోంది.

ఈ రెండో సంస్థ నుంచి పోయిన వారం మొదటిసారిగా ఉత్తరం వచ్చింది. అరవై శాతం, అంటే 684 డాలర్లు, ఒకేసారి కడితే ఖాతా ముగిసినట్లు పరిగణిస్తామని అందులో రాశారు. ఆ మొత్తం కట్టడం మాకు కష్టమేమీ కాదు. అయితే ఒక మిత్రుడు మాత్రం, తీగ లాగితే డొంకంతా కదులుతుంది, ఇన్నేళ్లు గడిచిన బాకీని ముట్టుకోవద్దు అని గట్టిగా చెప్పాడు. ఇంకొకరు, కట్టేసిన మర్నాటి నుంచే స్కోరు పెరుగుతుందన్నారు. ఫోన్‌లోని యాప్ నా స్కోరు 742 అని చూపిస్తుండగా, గృహరుణం గురించి వాకబు చేసినప్పుడు లెండర్ (రుణదాత) తీసిన స్కోరు 691 అని తేలింది. ఏది నమ్మాలో కూడా తెలియడం లేదు. నా భార్య రిపోర్టులో ఏ మచ్చా లేదు.

కడితే స్కోరు నిజంగా పెరుగుతుందా, కట్టినందువల్ల ఖాతా రిపోర్టులో ఉండే ఏడేళ్ల గడువు మళ్లీ మొదలవుతుందా, కట్టకుండా ఉంటే గృహరుణం ఆగిపోతుందా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు: పాతకాపు

మీ మిత్రుడు చెప్పినదే సరైన మాటండి. ఊరకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అనలేదు. మీరు ఒక్క డాలరు కట్టినా ఏడేళ్ల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, ఆ ఖాతా ఇంకో ఏడేళ్లు రిపోర్టులో కూర్చుంటుంది. ఉత్తరం చించి పారేయండి.

జవాబు: రుణపత్రం

నేను గృహరుణాల దరఖాస్తులను పరిశీలనకు సిద్ధం చేసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి ఇలాంటి ఖాతాలు తరచుగా చూస్తుంటాను. ముందుగా పాతకాపు గారి మాటను సరిచేయవలసి ఉంది. రిపోర్టులో ఒక ఖాతా ఎన్నాళ్లు ఉండవచ్చన్నది ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ నిర్ణయిస్తుంది. మీరు మొట్టమొదట బాకీ పడిన తేదీ నుంచి ఏడేళ్లు, చట్టం అదనంగా అనుమతించే 180 రోజులు కలుపుకుంటే గరిష్ఠంగా ఏడున్నరేళ్లు. బ్యూరోలు ఆచరణలో సాధారణంగా ఏడేళ్ల దగ్గరే తీసివేస్తాయి. మీరు పూర్తిగా కట్టినా, సగం కట్టినా, అసలు కట్టకపోయినా, బాకీ పది సంస్థల చేతులు మారినా ఆ మొదటి తేదీ మారదు, మార్చడానికి వీల్లేదు. మళ్లీ మొదలయ్యే అవకాశం ఉన్న గడువు వేరే ఉంది, అది కోర్టుకు సంబంధించినది. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం వల్లనే ఇన్ని భయాలు పుడుతున్నాయి.

ఇక స్కోరు సంగతి. మీ యాప్ 742 అంటే లెండర్ 691 అనడంలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. క్రెడిట్ స్కోరు అనేది ఒకే ఒక్క సంఖ్య కాదు, ఒకే రిపోర్టును వేర్వేరు సూత్రాలతో లెక్కగట్టినప్పుడు వచ్చే వేర్వేరు ఫలితాలు. ఉచిత యాప్‌లలో చాలావరకు చూపించేది వాంటేజ్‌స్కోర్ 3.0. అది చెల్లించేసిన కలెక్షన్లను లెక్కలోకే తీసుకోదు. ఫైకో అనే మరో కంపెనీ సూత్రాల్లో 2014లో వచ్చిన ఫైకో 9, 2020లో వచ్చిన ఫైకో 10 కూడా నిల్వ సున్నాగా ఉన్న కలెక్షన్లను పక్కన పెడతాయి. అయితే క్రెడిట్ కార్డులు, కారు రుణాలు ఇచ్చేవారిలో ఎక్కువమంది నేటికీ వాడుతున్న ఫైకో 8 అలా చేయదు. అసలు బాకీ వంద డాలర్లకు లోపు ఉంటే దాన్ని వదిలేస్తుంది. అంతకు మించితే, కట్టినా కట్టకపోయినా కలెక్షన్‌ను కలెక్షన్‌గానే చూస్తుంది.

గృహరుణాల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి ఇంకా పాతది. లెండర్ల దగ్గర గృహరుణాలను కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలకు అమ్మదలచిన రుణాల కోసం లెండర్లు చాలాకాలంగా వాడుతూ వస్తున్నవి ఈక్విఫాక్స్ నుంచి ఫైకో 5, ట్రాన్స్‌యూనియన్ నుంచి ఫైకో 4, ఎక్స్‌పీరియన్ నుంచి ఫైకో 2. ఇవి ఫైకో 8 కన్నా ముందటి తరం సూత్రాలు. వీటిలో ఖాతా పక్కన ‘చెల్లించారు’ అని మారినంత మాత్రాన స్కోరు కదలదు. వాంటేజ్‌స్కోర్ 4.0 కూడా వాడవచ్చునని ఆ సంస్థలను పర్యవేక్షించే ఫెడరల్ హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ 2025 జూలైలో ప్రకటించింది గనుక, మీ లెండర్ ఏ సూత్రంతో స్కోరు తీస్తున్నాడో అతన్నే సూటిగా అడగండి. అడిగితే చెబుతారు, ఇందులో రహస్యమేమీ లేదు.

కాబట్టి మీ మొదటి సందేహానికి జవాబు ఇది: యాప్‌లోని 742 పెరగవచ్చు, మీకు కావలసిన 691 మాత్రం కట్టినంత మాత్రాన పెరుగుతుందని ఆశించలేము. ఆ ఖాతా రిపోర్టులోనుంచి పూర్తిగా తొలగినప్పుడే అది కదులుతుంది.

ఇక కట్టకపోతే రుణం ఆగుతుందా అన్నది స్కోరుతో సంబంధం లేని వేరే ప్రశ్న, దానికి వేరే నియమాలున్నాయి. మీరు స్వయంగా నివసించే ఒకే కుటుంబపు ఇంటికి ఫ్యానీ మే పద్ధతిలో, వారి ఆటోమేటిక్ పరిశీలన ద్వారా రుణం తీసుకుంటే, కలెక్షన్ ఎంత మొత్తమైనా ముందుగా తీర్చాలన్న నిబంధన లేదు. అదే రెండు నుంచి నాలుగు వాటాలున్న ఇల్లయితే, లేదా రెండో ఇల్లయితే, కలెక్షన్లు, ఛార్జ్ ఆఫ్‌లు (అప్పిచ్చినవారు రాని బాకీగా రాసేసినవి) అన్నీ కలిపి 5,000 డాలర్లు దాటినప్పుడు తీర్చవలసిందే. ప్రభుత్వ బీమా ఉండే ఎఫ్‌హెచ్ఏ రుణాలలో వైద్యేతర కలెక్షన్లన్నీ కలిపి 2,000 డాలర్లకు చేరితే మూడు మార్గాలు చూపిస్తారు: పూర్తిగా కట్టడం, వాయిదాల ఒప్పందం చేసుకోవడం, లేదా నిల్వలో ఐదు శాతాన్ని మీ నెలసరి ఖర్చుగా లెక్కించడం. మీది 1,140 మాత్రమే కనుక ఈ రెండు పద్ధతుల్లోనూ అది అడ్డు కాకూడదు. అయితే కొందరు లెండర్లు వీటిపైన తమ సొంత నిబంధనలు పెట్టుకుంటారు. అండర్‌రైటర్ (దరఖాస్తును పరిశీలించి నిర్ణయించే ఉద్యోగి) మీ దగ్గర ఒక వివరణ లేఖ అడిగే అవకాశమూ ఉంది.

ఇది చదివే ఇతరుల కోసం ఒక్క మాట. ఆసుపత్రి బిల్లుల కలెక్షన్లకు ఈ లెక్క వర్తించదు. చెల్లించేసిన వైద్య కలెక్షన్లను మూడు బ్యూరోలూ 2022 జూలై నుంచి రిపోర్టుల్లోనుంచి తీసేశాయి, 500 డాలర్ల లోపు వాటిని 2023 ఏప్రిల్‌లో తొలగించాయి. కాబట్టి అటువంటి బాకీని కట్టేస్తే నేరుగా ఫలితం ఉంటుంది. వైద్య బాకీలన్నింటినీ రిపోర్టుల నుంచి తొలగించాలంటూ 2025 జనవరిలో వచ్చిన ఫెడరల్ నిబంధనను మాత్రం అదే ఏడాది జూలైలో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. పాత వార్తలు చదివి అది అమల్లో ఉందనుకునేవారు ఇంకా కనిపిస్తున్నారు.

జవాబు: నింపాదిగా

రుణపత్రం గారు ప్రస్తావించిన కోర్టు గడువు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఊరకుండమనే సలహాలో ఉన్న కాస్తంత నిజం అక్కడే ఉంది.

బాకీ వసూలు కోసం దావా వేయడానికి ప్రతి రాష్ట్రమూ ఒక కాలపరిమితి పెట్టింది. టెక్సస్‌లో అది నాలుగేళ్లు. న్యూజెర్సీలో ఒప్పందాలకు ఆరేళ్లు. చాలా రాష్ట్రాల్లో, కొంత మొత్తం కట్టడం వల్లనో, బాకీ నాదేనని రాతపూర్వకంగా ఒప్పుకోవడం వల్లనో ఈ గడువు కొత్తగా మొదలయ్యే ప్రమాదం ఉంది. ‘ఈ నెలకు ఇరవై ఐదు డాలర్లు కట్టండి చాలు, మిగతాది తరువాత చూద్దాం’ అని కలెక్షన్ వారు ఫోన్‌లో తియ్యగా అడగడం వెనుక ఉన్న ప్రయోజనం కొన్నిసార్లు ఇదే. టెక్సస్ మాత్రం, బాకీలను కొనుక్కున్న సంస్థల విషయంలో, గడువు తీరిపోయిన బాకీ మీద ఏదైనా కట్టినా అది తిరిగి ప్రాణం పోసుకోదని 2019లో చట్టం చేసింది. న్యూయార్క్ కూడా 2021 చట్టంతో వినియోగదారుల రుణాల గడువును మూడేళ్లకు తగ్గించి, చెల్లింపు వల్ల అది మళ్లీ మొదలవదని తేల్చింది. మీ లీజు టెక్సస్‌ది, నివాసం న్యూజెర్సీలో. ఏ రాష్ట్రపు గడువు వర్తిస్తుందన్నది లీజులో రాసిన షరతుల మీద కూడా ఆధారపడుతుంది గనుక, దావా భయం నిజంగా ఉంటే ఆ ఒక్క అంశం మీద న్యాయవాదిని సంప్రదించడం మేలు. కోర్టు గడువు దాటిన బాకీపై దావా వేయడం గానీ, వేస్తామని బెదిరించడం గానీ కలెక్షన్ సంస్థలకు నిషిద్ధమని 2021 నవంబరు 30న అమల్లోకి వచ్చిన ఫెడరల్ నిబంధన రెగ్యులేషన్ ఎఫ్ స్పష్టంగా చెబుతోంది.

దయచేసి ఆ ఉత్తరాన్ని మాత్రం పారేయవద్దు. ఈ సంస్థ నుంచి వచ్చిన మొదటి ఉత్తరం అదేనంటున్నారు కాబట్టి, అది బాకీ వివరాలను తెలియజేసే చట్టబద్ధమైన నోటీసు అయి ఉండాలి. దానిలో ఒక తేదీ నుంచి నేటి వరకు బాకీ ఎలా పెరిగిందీ తగ్గిందీ చూపే చిన్న పట్టిక ఉంటుంది: ఆ తేదీనాటి మొత్తం, కలిపిన వడ్డీ, కలిపిన రుసుములు, చేసిన చెల్లింపులు, నేటి నిల్వ. దాని దగ్గరలోనే మీరు ఏ తేదీలోపు అభ్యంతరం చెప్పవచ్చో అచ్చువేసి ఉంటుంది. అడుగుభాగంలో చింపి పంపడానికి వీలుగా ఒక పత్రమూ, అందులో ‘ఇది నా బాకీ కాదు’, ‘మొత్తం తప్పు’, ‘ఇతరం’ అనే గళ్లూ ఉండటం పరిపాటి. మీకు ముప్పై రోజుల వ్యవధి ఉంది. ఆలోగా రాతపూర్వకంగా అభ్యంతరం పంపితే, వారు ఆధారాలు చూపేవరకు వసూలు ప్రయత్నాలను ఆపవలసిందే. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, రసీదు దాచుకోండి. ఆధారాలు అడిగినంత మాత్రాన బాకీని ఒప్పుకున్నట్లు కాదు.

ఉత్తరం రెండో పేజీని కూడా ఒకసారి చూడండి. ‘ఈ బాకీ పాతబడినందువల్ల మీపై దావా వేయబోము’ అనే అర్థం వచ్చే వాక్యం పాత బాకీల ఉత్తరాల్లో తరచు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఉంటే మీ భయం సగం తీరినట్లే.

ఇంకొక విషయం: మీకు 2020లో ఆ బిల్లు అందలేదన్నారు. టెక్సస్ చట్టం ప్రకారం అద్దెకున్నవారు కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇచ్చి ఉంటే, ఖాళీ చేసిన ముప్పై రోజుల్లోపు డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, లేదా మినహాయింపుల వివరాల పట్టిక పంపాలి. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు డబ్బు కోయడానికి వీల్లేదు. మీరు కొత్త చిరునామా ఇచ్చారా? ఆనాటి ఈమెయిల్ ఏదైనా ఉంటే, ఈ బాకీ అసలు నిలుస్తుందా అన్నదే ప్రశ్నార్థకం అవుతుంది.

ఇంటివేట

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పాత ఈమెయిళ్లు వెతకగా, ఖాళీ చేస్తున్నట్లు నోటీసు ఇచ్చిన సందేశంలోనే మా బంధువుల చిరునామా రాసి, ఉత్తరాలు అక్కడికి పంపమని కోరినట్లు కనిపించింది. అపార్ట్‌మెంట్ వారి నుంచి ‘అందింది’ అన్న జవాబు కూడా ఉంది.

మీరు చెప్పిన తేదీల కోసం రిపోర్టులు మళ్లీ తెరిచి చూశాను. ట్రాన్స్‌యూనియన్‌లో ఈ ఖాతా 2027 ఏప్రిల్‌లో తొలగుతుందని అంచనా ఇచ్చారు. ఈక్విఫాక్స్‌లో మాత్రం మొదట బాకీ పడిన తేదీ 2021 జూలై అని ఉంది. ఖాతా తెరిచిన తేదీగా రెండింటిలోనూ 2023 కనిపిస్తోంది. ఒకే బాకీకి ఇన్ని తేదీలు ఎందుకున్నాయో అర్థం కాలేదు.

జవాబు: నింపాదిగా

ఖాతా తెరిచిన తేదీ అంటే ఈ రెండో సంస్థ బాకీని తన పుస్తకాల్లో ఎక్కించుకున్న తేదీ మాత్రమే. దానితో ఏడేళ్ల లెక్కకు సంబంధం లేదు కాబట్టి దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. అసలు సమస్య ఈక్విఫాక్స్‌లోని 2021 జూలై. మీరు అపార్ట్‌మెంట్ ఖాళీ చేసింది 2020 ఏప్రిల్‌లో, బిల్లు పడింది మేలో. అటువంటప్పుడు మొదటి బాకీ తేదీ పద్నాలుగు నెలల తరువాతకు ఎలా జరుగుతుంది? బహుశా బాకీ మొదటి సంస్థకు చేరిన తేదీనో, చేతులు మారిన తేదీనో అక్కడ వేసి ఉంటారు. ఈ పొరపాటు అలాగే ఉండిపోతే ఖాతా మీ రిపోర్టులో చట్టం అనుమతించిన దానికంటే ఏడాదికి పైగా ఎక్కువ కాలం ఉంటుంది. బాకీ వయసును ఇలా తగ్గించి చూపడం, తెలిసి చేసినా తెలియక చేసినా, చెల్లదు.

ఈక్విఫాక్స్‌కు డిస్ప్యూట్ (రిపోర్టులోని తప్పు సరిచేయమనే అభ్యంతరం) పంపండి. లీజు ముగింపు తేదీ ఉన్న పేజీ, ఖాళీ చేస్తున్నట్లు మీరు పంపిన ఈమెయిల్, ట్రాన్స్‌యూనియన్ రిపోర్టులో ఇదే ఖాతా కనిపించే పేజీ, ఈ మూడింటి నకళ్లు జతచేయండి. ‘ఈ ఖాతా తప్పు’ అని గుండుగుత్తగా రాయకుండా, ఏ తేదీ తప్పో, సరైన తేదీ ఏదో, దానికి ఆధారమేమిటో ఒక్కొక్క వాక్యంలో రాయండి. వారికి విచారణకు ముప్పై రోజులు, మధ్యలో మీరు అదనపు పత్రాలు పంపితే నలభై ఐదు రోజుల వరకు గడువుంటుంది. కలెక్షన్ సంస్థ ఆ సమాచారాన్ని ధ్రువీకరించలేకపోతే బ్యూరో దాన్ని సరిచేయాలి, లేదా తొలగించాలి. వారు పట్టించుకోకపోతే కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో దగ్గర ఫిర్యాదు చేయవచ్చు.

దీనితోపాటు, కొత్త చిరునామా తెలియజేసిన ఈమెయిల్ నకలుతో కలెక్షన్ సంస్థకు కూడా ముప్పై రోజుల్లోపే అభ్యంతరం పంపండి. వినియోగదారుని దగ్గర తేదీలతో సహా కాగితాలున్నాయని తెలిసినప్పుడు, వెయ్యి డాలర్ల బాకీ కోసం పాత యాజమాన్యం దగ్గర ఆధారాలు వెతికే శ్రమ పడకుండా ఖాతాను ఉపసంహరించుకునే సంస్థలూ ఉన్నాయి. తప్పకుండా అలాగే జరుగుతుందని మాత్రం అనుకోవద్దు.

జవాబు: రుణపత్రం

నింపాదిగా గారు చెప్పిన డిస్ప్యూట్ మార్గమే ముందు పట్టవలసినది. దానికి నా వైపు నుంచి ఒక హెచ్చరిక, ఒక లెక్క.

హెచ్చరిక ఏమిటంటే, డిస్ప్యూట్లు ఏవైనా సరే రుణానికి దరఖాస్తు చేయడానికి ముందే ముగిసిపోవాలి. విచారణలో ఉన్న ఖాతాను కొన్ని సూత్రాలు లెక్కలోంచి తాత్కాలికంగా పక్కన పెడతాయి కాబట్టి, అప్పుడు వచ్చిన స్కోరును లెండర్లు నమ్మరు. ఎఫ్‌హెచ్ఏలో వివాదంలో ఉన్న ప్రతికూల ఖాతాలు కలిపి 1,000 డాలర్లకు చేరితే ఆటోమేటిక్ ఆమోదం పోయి, ఫైలు మనుషుల పరిశీలనకు మళ్లే అవకాశం ఉంది. మీ ఖాతా 1,140 కాబట్టి సరిగ్గా ఆ గీతకు అవతల ఉంది. ‘వినియోగదారుడు విభేదిస్తున్నాడు’ అన్న వ్యాఖ్య విచారణ అయిపోయాక కూడా ఖాతా పక్కన మిగిలిపోతుంటుంది; దాన్ని తీసేయమని విడిగా కోరవలసి వస్తుంది. క్లోజింగ్‌కు (కొనుగోలు పూర్తయ్యే చివరి సంతకాలకు) వారం ముందు ఈ వ్యాఖ్య బయటపడి ఫైలు ఆగిపోవడం మా ఆఫీసులో అరుదైన విషయం కాదు.

ఇక లెక్క. గృహరుణానికి లెండర్ మూడు బ్యూరోల స్కోర్లూ తీసి, ఎక్కువదీ తక్కువదీ వదిలి, మధ్యలో ఉన్నదాన్ని తీసుకుంటాడు. మీ విషయంలో ఎక్స్‌పీరియన్ శుభ్రంగా ఉంది, మిగతా రెండింటిలో మచ్చ ఉంది. ఉదాహరణకు ఎక్స్‌పీరియన్ 750, ట్రాన్స్‌యూనియన్ 691, ఈక్విఫాక్స్ 685 అనుకోండి. మధ్య స్కోరు 691. ఇప్పుడు కలెక్షన్ ఆ రెండింటిలో ఏ ఒక్కదానిలోంచి తొలగినా చాలు, దాని స్కోరు పైకి జరిగి మధ్య స్థానంలోకి వస్తుంది. ట్రాన్స్‌యూనియన్ 730 అయిందనుకుంటే మధ్య స్కోరు 730, ఈక్విఫాక్స్ ఎక్కడున్నా సరే. రెండు బ్యూరోలనూ గెలవవలసిన పని మీకు లేదు. అంకెలు నేను ఊహించినవే గానీ, ఈ తర్కం మీ ఫైలుకు వర్తిస్తుంది. ఇద్దరూ కలిసి దరఖాస్తు చేస్తే సాధారణ రుణాల్లో వడ్డీ అంచెను నిర్ణయించేటప్పుడు ఒక్కొక్కరి మధ్య స్కోరు తీసి, ఆ రెండింటిలో తక్కువదాన్ని చూస్తారు. కాబట్టి మీ భార్య గారి స్కోరు ఎంత బాగున్నా బేరం మీ దగ్గరే ఆగుతుంది. ఆమె ఒక్కరి ఆదాయంతోనే రుణం సరిపోతే, ఆమె పేరు మీద మాత్రమే దరఖాస్తు చేయడం కూడా ఆలోచించదగినదే. యాజమాన్య పత్రంలో మీ పేరు చేర్చడానికి అది అడ్డు కాదు.

ట్రాన్స్‌యూనియన్‌లో 2027 ఏప్రిల్‌లో ఖాతా దానంతట అదే తొలగుతుందంటున్నారు. మీరు కొనుగోలును జనవరి నుంచి మే నెలకు జరపగలిగితే, ఎవరికీ ఒక్క డాలరు కట్టకుండానే మీ మధ్య స్కోరు మారే అవకాశం ఉంది. ఇల్లు ముందే దొరికి, అంతకాలం ఆగలేకపోతే, అప్పుడు కలెక్షన్ సంస్థతో బేరం పెట్టవచ్చు. ఆ బేరం అరవై శాతానికా నలభై శాతానికా అన్నది కాదు. డబ్బు అందిన ఇన్ని రోజుల్లో రెండు బ్యూరోల నుంచీ ఖాతాను తొలగిస్తామని రాసిస్తారా అన్నదే. దీన్ని ‘పే ఫర్ డిలీట్’ అంటారు. బ్యూరోలు దీన్ని ప్రోత్సహించవు, సంస్థలకు ఒప్పుకోవలసిన బాధ్యతా లేదు. అయినా కొన్ని ఒప్పుకుంటాయి, కొన్నింటిలో అది మామూలు పద్ధతిగానే ఉంది. తొలగిస్తామనే మాట లేకుండా ‘ఖాతా ముగిసినట్లు నమోదు చేస్తాము’ అని మాత్రమే రాసిస్తే, గృహరుణపు పాత సూత్రాల దృష్టిలో మీరు 684 డాలర్లు పెట్టి ఏమీ కొనలేదు.

లేఖ చేతికి అందాకే డబ్బు పంపండి, బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వకుండా క్యాషియర్స్ చెక్కు రూపంలో పంపండి. తొలగించారన్న రుజువు రాగానే లెండర్‌ను ‘ర్యాపిడ్ రీస్కోర్’ (మారిన రిపోర్టుతో స్కోరు త్వరగా మళ్లీ తీయడం) చేయమని అడగండి. దాన్ని మీరు సొంతంగా చేయించుకోలేరు, లెండర్ ద్వారానే జరగాలి. కొద్ది రోజుల్లోనే కొత్త స్కోరు వస్తుంది.

జవాబు: మాటతప్పని

అందరూ స్కోరు కోణంలోనే మాట్లాడుతున్నారు గనుక ఒక అభ్యంతరం. బాకీ న్యాయమైనదైతే తీర్చేయడమే మంచిదని నా అభిప్రాయం. రిపోర్టు నుంచి తొలగినంత మాత్రాన బాకీ రద్దు కాదు. చాలా రాష్ట్రాల్లో కోర్టు గడువు తీరినా బాకీ బాకీగానే ఉంటుంది, ఉత్తరాలు రావచ్చు. పైగా అద్దె ఇల్లు ఇచ్చేవారు పాత అపార్ట్‌మెంట్ బాకీని స్కోరుకన్నా ఎక్కువగా పట్టించుకుంటారు. ఇంటి కొనుగోలు ఏ కారణం చేతనైనా వాయిదా పడి మళ్లీ అద్దెకు వెతకవలసి వస్తే ఇది ఎదురవుతుంది. అయితే ఇక్కడ అపార్ట్‌మెంట్ వారు సకాలంలో లెక్క పంపనే లేదని కాగితాలు చెబుతున్నాయి కాబట్టి, ముందు అది తేలనివ్వడం సబబే.

ఇంటివేట

నిజంగా మేము ఇవ్వవలసినదని తేలితే ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదండి. ఈ వారమే కలెక్షన్ సంస్థకు అభ్యంతరం, ఈక్విఫాక్స్‌కు డిస్ప్యూట్ రెండూ పంపుతున్నాను. ఇల్లు వెతకడాన్ని వసంతం చివరికి జరపడానికి ఇంట్లో ఒప్పుకున్నారు. ఒక్క చివరి సందేహం: ఎప్పుడైనా ఆ 684 డాలర్లకు ఒప్పుకుంటే, మాఫీ అయిన మిగతా మొత్తం మీద పన్ను పడుతుందని ఎవరో అన్నారు, నిజమేనా?

జవాబు: నింపాదిగా

నియమం ప్రకారం మాఫీ అయిన బాకీ ఆదాయం కిందికే వస్తుంది. 600 డాలర్లు, అంతకు మించి మాఫీ చేసినప్పుడు ఆ విషయాన్ని తెలియజేసే బాధ్యత ఉన్న సంస్థలు 1099-సి అనే ఫారం మీకూ, పన్నుల శాఖ అయిన ఐఆర్ఎస్‌కూ పంపుతాయి. మీ లెక్కలో మాఫీ అయ్యేది 456 డాలర్లు కనుక ఆ ఫారం రాకపోవచ్చు. ఫారం రానంత మాత్రాన పన్ను నియమం మారదు. అయితే ఆ బాకీ చెల్లుతుందా లేదా అన్న వివాదమే నడుస్తున్నప్పుడు, తగ్గించిన భాగం నిజంగా ఆదాయమా అన్నది వేరే చర్చ. అందువల్ల ఒప్పందం రాసుకునేటప్పుడు అది వివాదాస్పద బాకీ అని అందులో పేర్కొనమని అడిగి, ఆ కాగితాన్ని మీ పన్నులు చూసేవారికి చూపించండి. అభ్యంతరం పంపేటప్పుడు మాత్రం ఆ ఉత్తరంలోని అరవై శాతం ప్రతిపాదన గురించి ఏమీ రాయవద్దు. అభ్యంతరానికీ బేరానికీ ఒకే కాగితం వాడకండి.